మా పిచ్చిక మళ్ళీ యూకేజీ

ఆ రోజుల్లో ఆడపిల్లకి బడిలో చేరే ఈడు ఎప్పుడొస్తుందో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు గానీ, బడి మానే ఈడు మాత్రం మా ఊళ్ళో అందరికీ తెలుసు. పిల్లని తీసుకెళ్ళి మిరప చేలో నిలబెట్టేవాళ్ళు. మొక్కల పైన తల కనపడిందా, ఇక కోతకి పనికొస్తుంది. కనపడకపోతే ఇంకో ఏడాది బడికి పోవచ్చు. నేను పుట్టుకతోనే పొడుగు. (మా ఆయన బతికున్నన్నాళ్ళూ నా పక్కన నిలబడి ఫొటో దిగలేదు. కుర్చీలో కూర్చుని దిగేవాడు.) అందుకని నా చదువు రెండో తరగతితో సరి. నిజం చెప్పాలంటే ఆ రెండో తరగతి కూడా నేను దాటలేదు. పరీక్ష పోయింది. పంతులుగారు మా నాన్నని పిలిపించి, "పిల్లని ఇంకో ఏడాది ఇదే తరగతిలో ఆపుదామయ్యా" అన్నారు. మా నాన్న తలగుడ్డ తీసి, మర్యాదగా, "ఆపేదేదో పూర్తిగానే ఆపేద్దాంలెండి" అన్నాడు. మర్నాటికి నా పలక మా తమ్ముడి చేతిలో ఉంది, నా చేతిలో బుట్ట ఉంది. ఏడ్చానో లేదో గుర్తులేదు. కళ్ళు మండింది మాత్రం గుర్తుంది. అది మిరపకాయ వల్లేనని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను.

ఈ బుట్ట సంగతి ముందు చెప్పకపోతే, నాలుగేళ్ళ కిందట మా మనవరాలి బడి విషయంలో నేను చేసిన నిర్వాకం మీకు అర్థం కాదు. ఉత్త మొండి ముసలిది అనుకుంటారు. మొండిదాన్నే, కాదనను. కానీ ఉత్తినే కాదు.

మనవరాలి అసలు పేరు చర్చి రిజిస్టరులో బారెడుంది. ఇంట్లో పిచ్చిక అంటాం, ఒకచోట నిలవదు, నోరు మూయదు కాబట్టి. మావాడు కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు, కోడలు స్పిన్నింగు మిల్లుకి పోతుంది, రెండెకరాల మిరపా పిచ్చికా నా పెత్తనం కింద ఉండేవి. ఆ ఫిబ్రవరిలో, రెండో కోత కాయ కల్లంలో ఎండుతుండగా, చిలకలూరిపేటలో పిచ్చిక చదివే బడి నుంచి ఫోను వచ్చింది. పాప గురించి మాట్లాడాలి, ఇంట్లోవాళ్ళు ఎవరైనా రమ్మన్నారు. మిగతా ఇద్దరికీ పని మానడం కుదరదు. ఉతికిన చీర కట్టుకుని, ఎందుకైనా మంచిదని పిచ్చిక సండే స్కూల్లో గెలుచుకున్న స్టీలు టిఫిను డబ్బా కూడా సంచిలో పెట్టుకుని నేనే వెళ్ళాను. ఇరవై బైబిలు వాక్యాలు తడుముకోకుండా కంఠతా అప్పజెప్పినందుకు పాస్టరమ్మగారు క్రిస్మస్‌కి ఇచ్చిన డబ్బా అది. పిల్ల తెలివికి సాక్ష్యం అన్నమాట.

యూకేజీ టీచరమ్మ మా కోడలి కన్నా చిన్నది. మాట మెత్తన. అంత మెత్తటి మాటకి ఎదురు తిరగడం నాలాంటిదానికి చాలా కష్టం.

"కూర్చోండి మామ్మగారూ. మీ పాప చాలా చురుకండీ. పాటగానీ కథగానీ ఒక్కసారి చెబితే చాలు, మళ్ళీ అప్పజెప్పేస్తుంది. కాకపోతే..."

(ఈ ‘కాకపోతే’ వినగానే నా చెయ్యి దానంతటదే సంచిలోని డబ్బా మీదికి పోయింది.)

"కాకపోతే అక్షరాలు ఇంకా పట్టుబడలేదు. ఇంగ్లీషు సంగతి అలా ఉంచండి, తెలుగులో కూడా ‘క’ చూపిస్తే ఒకసారి ‘త’ అంటోంది, ఒకసారి నా మొహంకేసి చూస్తోంది. ఇలాగే ఒకటో తరగతికి పంపిస్తే బరువైపోతుందేమో. ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచితే నిదానంగా కుదురుకుంటుంది. ఇంట్లో ఆలోచించుకోండి."

"ఆపేస్తారా?" అన్నాను.

"ఆపడం కాదండీ. ఉంచడం."

రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలియలేదు. బుట్ట, పలక, మా నాన్న తలగుడ్డ అన్నీ ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి. ఆ ముక్క పరాయి పిల్లతో ఎలా చెప్పను? గొంతు సవరించుకుని గట్టిగా, "నీలం గౌను కుట్టించేశానమ్మా" అన్నాను. (ఆ బడిలో యూకేజీకి ఆకుపచ్చ గళ్ళు, ఒకటో తరగతికి నీలం గళ్ళు. బట్టల కొట్లో తగ్గింపు పెట్టారని నేను జనవరిలోనే నీలం గళ్ళ గుడ్డ తీసి, మూడేళ్ళు వచ్చేట్టు అంచు జానెడు లోపలికి మడత పెట్టించి కుట్టించేశాను. అరిగిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అతికించి వాడే మనిషిని, నాకది చిన్న విషయం కాదు.)

టీచరమ్మ నవ్వు ఆపుకుంది. "గౌను ఎక్కడికీ పోదు మామ్మగారూ. మా బలవంతమేం లేదు, నిర్ణయం మీదే. మార్చి ఆఖర్లో ఒకసారి పాపని తీసుకుని రండి. మీ ఎదురుగానే చదివిద్దాం. అప్పుడు మీకేమనిపిస్తే అదే చేద్దాం" అంది. డబ్బా బయటికి తీయకుండానే ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నం ముందు పెట్టుకుని ముగ్గురం మూడు దిక్కులు చూశాం. "ఉంచితే ఏమైద్దమ్మా? మా సూపర్‌వైజరు పదో తరగతి మూడుసార్లు రాశాడు, ఇప్పుడు నా మీద అరుస్తన్నాడు" అన్నాడు మావాడు. కోడలు కాసేపు కంచంలో గీతలు గీసి, "నాకూ మనసొప్పట్లేదు అత్తయ్యా. కానీ పొద్దున బడి అనేసరికి కడుపునొప్పి అంటంది. ఒకటో తరగతికి పోతే ఇంకా ఏమంటదో" అంది. కడుపునొప్పికి వాము నీళ్ళున్నాయి, చదువుకి నేనున్నాను, దీని మీద ఇక మాటలొద్దు అని కంచం తీసుకుని లేచాను. పెద్ద మాటే అన్నాను గానీ ముద్ద దిగలేదు. మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్నే తిన్నాను, పారెయ్యలేదు.

మర్నాడు ఎదురింటి మరదలు గోడ మీదుగా తల పెట్టింది. దాని మనవడు కూడా పిచ్చిక తరగతే. "ఏం వదినా, మీ పిచ్చికని మళ్ళీ అదే క్లాసులో ఏస్తన్నారంటగా?"

"ఎవరే చెప్పింది?"

"ఎవరో ఒకరు చెప్తారు. మావాడు వాళ్ళ టీచరు దగ్గర విన్నాడంట. పోన్లే వదినా, ఆడపిల్లేగా."

ఆ చివరి ముక్క అనకుండా ఉంటే నేను ఏం చేసేదాన్నో తెలియదు. అంది. "నెల తిరిగేసరికి అది పుస్తకం గడగడా చదవకపోతే నన్ను పేరు పెట్టి పిలవ్వే" అని ఊరంతా వినేలా శపథం చేసి లోపలికొచ్చాను. చదివించడం ఎలాగో నాకేం తెలుసు? నాకు వచ్చిన చదువు ఎలా వచ్చిందో గుర్తు చేసుకున్నాను. చర్చిలో పెద్దవాళ్ళు ఒక మాట ముందు చెప్పేవాళ్ళు, మేం వెనకాల చెప్పేవాళ్ళం. వాక్యాలూ కీర్తనలూ అన్నీ అలాగే వచ్చాయి. ఇన్నేళ్ళయినా ఒక్కటీ మర్చిపోలేదు. అంతకన్నా మంచి పద్ధతి ఏముంటుంది?

రోజూ దీపాలు పెట్టే వేళకి వసారాలో గోనెపట్టా పరిచి కూర్చోబెట్టేదాన్ని. తెలుగు వాచకంలో ‘మా మేక’ అని ఒక పాఠం. నేను వేలు పెట్టి కూడబలుక్కుంటూ, "మా మేక తెల్లది" అనేదాన్ని. అది తన వేలు నా వేలి పక్కన పెట్టి, "మా మేక తెల్లది" అనేది. "మేక ఆకు తింది." "మేక ఆకు తింది." "మేక పాక ఎక్కింది. తాత అరిచాడు." పేజీ పూర్తయితే చిన్న బెల్లం ముక్క. సరిగ్గా చెప్పకపోతే అందులో సగం. (మిగతా సగం నేను తినలేదు. బెల్లం డబ్బాలోనే వేసేదాన్ని.) చేలో కోతకి వెళ్ళినా వదల్లేదు. మొదట్లో తప్పులు చెప్పేది, నేను అరిచేదాన్ని, అది బిక్కమొహం వేసేది, నాకు లోపల ప్రాణం ఉసూరుమనేది, అయినా మళ్ళీ మొదటి నుంచీ చెప్పమనేదాన్ని. నెల అంటే ఎన్ని రోజులు! క్యాలెండరు వంక చూడాలంటేనే భయమేసేది.

మూడో వారానికల్లా అద్భుతం జరిగింది. నేను ముందు చెప్పక్కర్లేకుండానే పిచ్చిక పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వేలు వరసగా జరుపుకుంటూ పేజీ అంతా చదివేసింది. చుక్క దగ్గర ఆగింది. ఆగాల్సినంతసేపే ఆగింది. ‘తాత అరిచాడు’ దగ్గర మాత్రం ప్రతిసారీ రెండుసార్లు దగ్గేది. మిరప ఘాటు పట్టిందేమోనని మిరియాల కషాయం కాచి పోశాను. తగ్గలేదు. మర్నాడూ అక్కడే, అవే రెండు దగ్గులు. సరే, ఆ మాటకి నోరు ఎక్కువ తెరవాలి గదా, గాలి తగులుతోందేమో అని సరిపెట్టుకున్నాను. ఎదురింటి మరదల్ని పిలిచి గోడ దగ్గర నిలబెట్టి చదివించాను. అది నోరెళ్ళబెట్టి, "అమ్మో, మావాడు ఇంకా కూడబలుక్కుంటన్నాడు వదినా" అంది. ఆ ఆదివారం చర్చిలో స్త్రీల కూడికలో లేచి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం కూడా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు.

మార్చి ఆఖర్లో టీచరమ్మ గదిలో ముగ్గురం కూర్చున్నాం. నేను పాకెట్లో బెల్లం ముక్క పెట్టుకుని వచ్చిన మాట నిజం. (పాకెట్ అంటే చీర కొంగు ముడి.) పిచ్చిక మొదలుపెట్టింది. మా మేక తెల్లది. మేక ఆకు తింది. టీచరమ్మ కనుబొమలు పైకి లేచాయి. నా మెడ కూడా లేచింది. సరిగ్గా అప్పుడు పైన ఫ్యాను గాలికి పేజీ ఎగిరి అవతలికి పడింది. అవతల పేజీలో ఏరూ, ఏట్లో పెద్ద పడవా బొమ్మ వేసి ఉన్నాయి. పిచ్చిక తొణకలేదు. పడవ మీద వేలు పెట్టి, "మేక పాక ఎక్కింది" అంది. తెరచాప మీదికి వేలు జరిపి, "తాత అరిచాడు" అంది. రెండుసార్లు దగ్గింది. "మేక దిగింది" అని ముగించి, చెయ్యి నా కొంగు వైపు చాపింది.

ఆ రెండు దగ్గులు ఎవరివో నాకప్పుడు తెలిసింది. అవి నావి. నలభై ఏళ్ళు కల్లంలో దుమ్ము మింగినదాన్ని, తాత అరిచినట్టే గొంతు పెంచి ‘అరిచాడు’ అంటే చాలు, నాకు దగ్గొస్తుంది. పాపం అది పాఠంతో పాటు నా దగ్గు కూడా కంఠతా పట్టింది.

"పిచ్చికా," అన్నాను, పడవ మీద నా వేలు పెట్టి, "అక్కడేముంది?"

"పడవ."

"మరి నువ్వు మేక అంటన్నావేమే?"

"చదువుతున్నా గదా నానమ్మా."

"చదవడమంటే ఏందే?"

అది నన్ను జాలిగా చూసింది, ఇంత పెద్దదానికి ఇదీ తెలియదా అన్నట్టు. "పుస్తకం పట్టుకోవాల. వేలు పెట్టాల. వచ్చింది గట్టిగా చెప్పాల. చర్చిలో నువ్వు చదవ్వా? పాట అయిపోయి ఇంకో పాట వచ్చినా నువ్వు పేజీ తిప్పవుగా."

నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ పట్టుకోలేదు. పాటల పుస్తకం ఏదో ఒకచోట తెరిచి, దాని మీదికి వంగి, కళ్ళజోడు సర్దుకుని పాడతాను. కూడబలుక్కుని చదవగలను, అబద్ధం కాదు, కానీ పాట నా కళ్ళ కన్నా ముందు పరిగెత్తుతుంది, నేనేం చెయ్యను? పాస్టరుగారికి తెలియదు, పక్కన కూర్చునే ఆడవాళ్ళకి తెలియదు, మా ఆయనకీ తెలియకుండానే పోయాడు. ఐదేళ్ళ పిల్ల నా మోకాలి పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది. టీచరమ్మ నవ్వితే ఆ గదిలోంచి లేచి వచ్చేసేదాన్ని. నవ్వలేదు. పుస్తకం మూసి, "ఎంత జ్ఞాపకమో చూశారా మామ్మగారూ" అంది. నేను కొంగు ముడి విప్పి బెల్లం ముక్క పిల్లకిచ్చాను. మొత్తం ముక్క.

ఆటోలో దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగాను, "ఒకటో తరగతికి పోవాలనుందా నీకు?"

నీలం గౌను బాగుందంది. ఆ తర్వాత నా కొంగు పట్టుకుని, "అక్కడ నువ్వు ముందు చెప్పవుగా నానమ్మా" అంది.

ఇంటికొచ్చేసరికి కోడలు షిఫ్టు దిగి కల్లం దగ్గర తాలు కాయ ఏరుతోంది. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, కాయ పూర్తిగా పండకముందే కోసి ఎండేస్తే ఎరుపెక్కదు, తెల్లగా పాలిపోతుంది. అదే తాలు. బుట్ట త్వరగా నింపాలని పచ్చికాయ తుంచిన కూలీల్ని ఆ చేలో నేను తిట్టినన్ని తిట్లు ఎవరూ తిట్టి ఉండరు. "మూడో కోతకి వచ్చే కాయని ఇప్పుడెందుకు తుంచావే, చెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది" అని. కోడలి పక్కన కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను. పడవ సంగతి చెప్పాను. దగ్గు సంగతి చెప్పాను. అది నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది (మిరప చేత్తో తుడుచుకుంది, తర్వాత అరగంట కుయ్యోమంది). ఆ నవ్వులో ఏ ధైర్యం వచ్చిందో, పాటల పుస్తకం సంగతి కూడా చెప్పేశాను. అది చెప్పాక ఇంకేం దాచను? రెండో తరగతి, పంతులుగారు, మా నాన్న అన్న మాట, బుట్ట, అన్నీ చెప్పాను. మావాడికి కూడా నేనెప్పుడూ చెప్పలేదు ఆ మాట.

కోడలు చేతులు ఆపేసింది. "అందుకనా అత్తయ్యా, అంత పట్టు పట్టారు? ఇంకో ఏడాది ఉంచుదామంటే, మాన్పించేస్తారనుకున్నారా?"

"ఏమో అమ్మాయ్. నాకు తెలిసి ఆగినవాళ్ళెవరూ మళ్ళీ బయల్దేరలేదు."

"మీరు ఇంట్లో ఉండగా దాన్ని బడి మాన్పించే మొనగాడు ఎవడత్తయ్యా?" అంది కోడలు. చేతిలో ఉన్న తాలు కాయ నా ముందు పెట్టింది. నాకు నా తిట్లు గుర్తుకు రావడానికి అది చాలు.

మర్నాడు నేనే బడికి పోయాను. పిల్లని యూకేజీలోనే ఉంచమన్నాను. ఆ మాట దస్తావేజు మీద సంతకం పెడుతున్నట్టు కూడబలుక్కుంటూ చెప్పాను. "ఒక షరతమ్మా," అన్నాను, "ఎవరూ దాన్ని ఫెయిలైందని అనకూడదు."

"ఎవరూ అనరు మామ్మగారూ," అంది టీచరమ్మ, "మీరు అనకపోతే చాలు."

నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, అంత మెత్తగా తిట్టింది ఆ పిల్ల ఒక్కతే.

జూన్‌లో బడి తెరిచిన రోజు నేను వంట చెయ్యలేదు. ఎదురింటి మనవడు నీలం చొక్కా వేసుకుని టాటా చెప్పి పోయాడు. పిచ్చిక మళ్ళీ ఆకుపచ్చ గళ్ళలోనే వెళ్ళింది. పాత స్నేహితులంతా పక్క గదిలో, ఇది మాత్రం చిన్నపిల్లల మధ్య. ఏడుస్తూ ఉంటుంది, కడుపునొప్పి అంటూ ఉంటుంది, పోయి తీసుకొచ్చేద్దామా అని గుమ్మంలోకీ లోపలికీ వంద సార్లు తిరిగాను. సాయంత్రం ఆటో దిగి బ్యాగు నా మీదికి విసిరి, "నానమ్మా, టీచరు సుద్దముక్కలు తెమ్మంది, డబ్బా ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు! వాళ్ళెవరికీ ఏం తెలీదు, పాపం!" అంది. అంతే, ఆ సంవత్సరమంతా ఆ తరగతికి అదే పెద్ద. కడుపునొప్పి ఏమైందో మళ్ళీ కనపడలేదు. సాయంత్రాలు గోనెపట్టా మీద ఇక నేను ముందు చెప్పడం మానేశాను. టీచరమ్మ వద్దంది. ఇద్దరం చెరో పలక పెట్టుకుని అక్షరాలు దిద్దుకునేవాళ్ళం. మీరు చదువుతున్న ఈ రాత ఆ ఏడాది కుదిరిందే.

డిసెంబరులో నా కళ్ళు చూపించుకోవడానికి ఒంగోలు పోవాల్సి వచ్చింది. పిచ్చికని వెంటబెట్టుకుని రోడ్డెక్కి నిలబడ్డాను. బస్సు వచ్చి ఆగింది. ఎక్కించబోతే అది నా చెయ్యి విదిలించుకుని, బస్సు ముందుకెళ్ళి, తల పైకెత్తి బోర్డు చూస్తూ నిలబడింది. "మా... ర్టూ... రు." నేను నేర్పిన మాట కాదది. ఎవరూ ముందు చెప్పలేదు. "మే... ద... ర..."

"ఎక్కుతావా లేదా మామ్మా?" కండక్టరు తలుపులోంచి అరిచాడు.

"ఉండవయ్యా, పిల్ల చదువుతోంది."

అతను నా వంక ఒకసారి, పిల్ల వంక ఒకసారి చూశాడు. వెనక లారీ హారను కొడుతోంది. పిచ్చికని ఒక్క ఉదుటున పక్కకి లాక్కున్నాను. అతను విజిలు వేశాడు. బస్సు కదిలింది. దానితో పాటే మెడ తిప్పుకుంటూ, దుమ్ములో, "మె... ట్ల... మీ... దు... గా..." అంటూనే ఉంది పిచ్చిక. ‘ఒంగోలు’ దగ్గరికొచ్చేసరికి రోడ్డు మీద బస్సు లేదు. అయినా దానికి ఆ మూడక్షరాలూ కళ్ళలో ఉన్నట్టున్నాయి, నెమ్మదిగా వాటిని కూడా పూర్తి చేసింది. చేసి, నా వైపు తిరిగి, "మనం ఎక్కాల్సింది అదే నానమ్మా!" అంది.

ఇప్పుడది నాలుగో తరగతిలో ఉంది. నేను వెనకాల పరిగెత్తలేనంత వేగంగా చదువుతుంది, నా రాతలో తప్పులు దిద్దుతుంది, బస్సు బోర్డులకేసి చూడను కూడా చూడదు. ఆ రోజు మాత్రం గంటసేపు, రోడ్డు పక్కన మైలురాయి మీద, డాక్టరు వెళ్ళిపోతాడేమోనన్న ఆదుర్దా లేకుండా కూర్చున్న ఆ పొడుగాటి ముసల్దాన్ని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. జన్మలో ఒక్క బస్సు తప్పిపోనివ్వని మనిషి, "ఇంకోటి వస్తుందిలే" అంది.